సాటిన్ రిబ్బన్ సాగదు

3, సోమవారం

బేసిన్ పోయింది. నాలుగంటే నాలుగే దెబ్బలు. ముప్పై ఏళ్లుగా అక్క, నేను గొంతుక్కూర్చున్న బేసిన్. మేస్త్రీ "ఇది గట్టి సరుకమ్మా, ఇప్పుడిలాంటివి రావడం లేదు" అంటూనే సుత్తి ఎత్తాడు. మనుషుల్ని కూడా అంతే, పోయే ముందే పొగుడుతారు.

పదకొండు రోజుల క్రితం అక్క జారింది దీని మీదే. తుంటి ఎముక విరిగింది. రాడ్ వేశారు. డాక్టర్ నన్ను వరండాలోకి పిలిచి, "ఆవిడ ఇక జన్మలో గొంతుక్కూర్చోకూడదు. కుర్చీలా ఉండేది కావాలి. శనివారం పంపించేస్తాం. ఇంట్లో కమోడ్ ఉంది కదా?" అన్నాడు.

"ఉంది" అనేశాను.

అలవాటు. నా రిబ్బన్ల షాపులో ఎవరేం అడిగినా ముందు ఉందనే అంటాను, తర్వాత వెతుకుతాను. డాక్టర్ దగ్గర కూడా అదే నోరు. ఇంటికొచ్చి చూస్తే ఉన్నది ఇదీ, నేలలో ఒక గుంట, అటూ ఇటూ రెండు పాదాల గుర్తులు.

మంచం పక్కన పెట్టుకునే కుర్చీ దొరుకుతుందనీ, దాని కింద బకెట్ ఉంటుందనీ నర్సమ్మ చెప్పింది. అక్క వినేసింది. "పక్కన బకెట్ పెట్టుకుని అన్నం తినమంటావా? అయితే నన్ను ఇక్కడే వదిలెయ్" అంది. మందుల షాపులో ఇరవై ఎనిమిదేళ్లు మాత్రలు లెక్కబెట్టి ఇచ్చిన మనిషి. ఆవిడ లెక్కలో ఒకటంటే ఒకటే. ఒకటిన్నర ఉండదు.

అందుకని మేస్త్రీ. పొడుగ్గా, వంగి, సున్నం కొట్టిన తాటిచెట్టులా ఉంటాడు. గోడలూ ఆయనే, పైపులూ ఆయనే. ఈ రోజు పగలగొట్టడం, ఎల్లుండి నేలలో కొత్త కన్నం, గురువారం టైల్స్, శుక్రవారం కమోడ్. శనివారం అక్క. ఒక్క రోజు అటూ ఇటూ అయినా ఇంతే సంగతులు.

బాత్రూం ఇప్పుడు యుద్ధం జరిగిన చోటులా ఉంది. అవసరానికి నేను ఎదురింటికి వెళ్తున్నాను.


4, మంగళవారం

అక్క నీళ్లు తాగడం లేదు.

"తాగావా?" అంటే "తాగాను" అంది. గ్లాసు చూస్తే నిన్న నేను నింపి పెట్టినట్టే ఉంది. పైన ఒక దోమ కూడా తేలుతోంది.

"అక్కా, ఇవి నిన్నటి నీళ్లు."

"అయితే మార్చు."

మార్చాను. అవీ అలాగే ఉన్నాయి.

నర్సమ్మ నన్ను పట్టుకుని, "నీళ్లు తాగకపోతే మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది, మీరు కాస్త చెప్పండమ్మా" అంది. నేను చెప్పాలట! ఊళ్లో సగం మందికి మాత్రల పొట్లం చేతిలో పెట్టి "రెండు గ్లాసుల నీళ్లు తాగాలి, గుటక కాదు" అని కళ్లురిమిన మనిషికి.

నర్సమ్మ వెళ్లాక నన్ను దగ్గరికి రమ్మంది.

"బెడ్‌పాన్ పెట్టాలంటే ఇద్దరు రావాలే. ఒకావిడ ఎత్తాలి, ఇంకొకావిడ తొయ్యాలి. ఆ తెర సగం వరకే వస్తుంది. ఎదురు మంచం వాళ్ల చుట్టాలు యాపిల్ తింటూ చూస్తారు. తాగకపోతే ఆ పనే ఉండదు కదా."

"ఎవరూ చూడరక్కా."

"నువ్వు పడుకుని చూడు, తెలుస్తుంది."

నేను షాపు కబుర్లు చెప్పాను. గుండీల డబ్బా బోర్లా పడిన సంగతి, దర్జీ ఒకాయన జిప్పు వెనక్కి తెచ్చి గొడవపడిన సంగతి. అక్క కళ్లు మూసుకుని వింది. "ఆపవే వసపిట్టా" అనలేదు. ఎప్పుడూ అంటుంది. ఈ రోజు అనలేదు.

ఎదురింటావిడ బంగారం లాంటి మనిషి. ఎప్పుడు తలుపు తట్టినా "దానికేముంది, రండి" అంటుంది. బయటికి రాగానే టీ చేతిలో పెడుతుంది. ఆ టీ వల్ల మళ్లీ గంటకి వాళ్లింటికే వెళ్లాల్సి వస్తుంది. ఇలా తిరగడానికి సిగ్గేసి, మధ్యాహ్నం నుంచి నేనూ ఏమీ తాగలేదు. ఇప్పుడు ఇది టైప్ చేస్తుంటే గమనించాను. అక్కని ఏమన్నానో అది నాకు కూడా వర్తిస్తుంది కదా.

తాగాను. అర గ్లాసు.


5, బుధవారం

కమోడ్ షాపుకి తెప్పించాను. ఇంటి నిండా రాళ్లు, అక్కడ దింపుకోడానికి మనిషి లేదు. రిబ్బన్ల మధ్య అట్టపెట్టెలో తెల్లటి కమోడ్. పొద్దున్నుంచి వచ్చినవాళ్లంతా ఒకటే వేళాకోళం. "ఏంటి రిబ్బన్లమ్మా, కొత్త సరుకా? మీటరు లెక్కనా, డజను లెక్కనా?" ఒకావిడైతే దాని మీద కూర్చునే లేసులు ఏరుకుంది. సుఖంగా ఉందట.

మేస్త్రీ మా ఇంటి నుంచి ఫోన్ చేశాడు.

"అమ్మా, కమోడ్ వెనక అంచు నుంచి కింద కన్నం నడుమ దాకా ఎంతుందో చూడండి. నేను గోడ నుంచి సరిగ్గా అంతే దూరంలో నేలలో కన్నం పెట్టాలి."

"ఇంచుల్లో చెప్పనా, సెంటీమీటర్లలోనా?"

"వద్దమ్మా. ఇదివరకు ఒకాయన ఒకటి చెప్తే నేనింకోటి అనుకుని గోడ దాకా తవ్వేశాను. ఏదైనా తాడు పెట్టి, అంత పొడుగు తెంపి పంపండి. తాడుకి భాష రాదు, పొరపాటు మాట్లాడదు."

నా షాపులో తాళ్లకి కరువా. ఎర్ర సాటిన్ రిబ్బన్ తీశాను. లేసులావిడా నేనూ కలిసి కమోడ్ని పక్కకి ఒరిగించాం. అంచు దగ్గర ఒక కొస, కన్నం నడుమకి రెండో కొస, కత్తెర, చిటుక్. అంతే. ముప్పై ఏళ్ల చెయ్యి. ఎలాస్టిక్ కోసం వచ్చిన ఎదురింటావిడ చేతికిచ్చి పంపాను.

కోస్తున్నప్పుడే చంకలో ఫోన్ మోగుతోంది. ఆసుపత్రి. అక్కకి జ్వరం, నూట రెండు.


6, గురువారం

మూత్రానికి గొట్టం పెట్టారు. ఇన్ఫెక్షన్ అని, ఒంట్లోంచి పోవడం లేదని. సంచి మంచం కమ్మీకి వేలాడదీశారు, వచ్చేపోయేవాళ్లందరికీ కనపడేలా. అక్క దుప్పటి లాగి సంచి మీదకి కప్పింది. పాదాలు బయటపడ్డాయి. పాదాల మీదకి నేను నా చున్నీ కప్పాను.

ఇంట్లో కన్నం అయింది, టైల్స్ అయ్యాయి. "చెయ్యి పెట్టకండమ్మా, పచ్చిగా ఉంది" అన్నాడు మేస్త్రీ. పెట్టలేదు. గుమ్మంలో నిలబడి చూశానంతే.

శనివారం వచ్చేస్తుంది. శనివారం వచ్చేస్తే అన్నీ సర్దుకుంటాయి.


7, శుక్రవారం

తలుపు మూసుకోవడం లేదు.

కమోడ్ కూర్చోబెట్టాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఇక నేను తలుపు వేయబోతే మధ్యలో ఆగిపోయింది. మళ్లీ వేశాను. ఠక్. తలుపు లోపలికి తెరుచుకునేది, గది అగ్గిపెట్టంత. కమోడ్ ముందు అంచు తలుపుకి తగులుతోంది.

మేస్త్రీ మోకాళ్ల మీద కూర్చుని వెనక వైపు వేళ్లు దూర్చాడు. కమోడ్‌కీ గోడకీ మధ్య రెండు వేళ్లు పట్టాయి.

"ఇది గోడకి ఆనాలే. రెండు వేళ్లు ముందుకొచ్చేసింది" అన్నాడు. మళ్లీ దూర్చి చూశాడు. మళ్లీ. "మీరు పంపిన రిబ్బన్ పెట్టే గీత గీశానమ్మా. అక్కడే తవ్వాను. ఎక్కడ తప్పాను?"

తలుపుని బయటికి తెరుచుకునేలా తిప్పుదామంటే బయట వంటింటి గట్టు అడ్డం. తెర కడదామా అనబోయాను. ఆసుపత్రి తెర గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

ఆయన లేచి చెయ్యి తుడుచుకున్నాడు. "నా చూపేనమ్మా. ఇంట్లో మా ఆవిడ అంటూనే ఉంది, గీతలు వంకర పోతున్నాయి, కళ్లు చూపించుకో అని. తప్పు నాది. పగలగొట్టి మళ్లీ పెడతాను, మీరేం దిగులుపడకండి. ఆదివారం పెడతా. పైన ఒకటిన్నర రోజు ఆరాలి."

"చూసుకోవాలి కదా మేస్త్రీ" అన్నాను.

అన్నాను. గట్టిగానే అన్నాను. రేపు మా అక్క వస్తోంది, ఎక్కడికి వెళ్తుంది, అని కూడా అన్నాను. ఆయన తల దించుకుని సామాన్లు సర్దుకున్నాడు.

కిటికీ గట్టు మీద ఎర్ర రిబ్బన్ ఉంది. తీసి పర్సులో పెట్టుకున్నాను. ఊరికే, అడ్డంగా ఉందని.


7, సాయంత్రం

రిబ్బన్ని టేపు మీద పెట్టాను. కమోడ్ పెట్టె మీద వెనక అంచు నుంచి కన్నం నడుమకి ఎంతో అచ్చేసి ఉంది. రిబ్బన్ దానికంటే పొడుగు.

సాగి ఉంటుంది. తడి సిమెంటు మీద పడింది కదా. మేస్త్రీ రెండు కొసలూ పట్టి లాగి ఉంటాడు.

ఎలాస్టిక్ సాగుతుంది. అల్లిక లేసు కొంచెం సాగుతుంది. సాటిన్ సాగదు. కొనేవాళ్లకి నేనే చెప్తాను ఆ మాట.

అయినా తడికి ఏమవుతుందో ఎవరికి తెలుసు.


8, శనివారం

అక్కకి చెప్పాను. మేస్త్రీ కొలత తప్పు పెట్టాడక్కా, పాపం పెద్దవాడు, చూపు ఆనడం లేదు. రెండు రోజులు పడుతుంది.

"ఏం కొలత?" అంది.

చెప్పాను. షాపులో ఒరిగించడం, రిబ్బన్, ఎదురింటావిడ, అన్నీ. మేస్త్రీ తప్పని మళ్లీ చెప్పాను. అక్క కప్పు వైపు చూస్తూ వింది.

డాక్టర్ దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాను. రెండు రోజులు ఉంచండి సార్. ఆయన కాగితాలు తిరగేసి, "జ్వరం ఉంది కాబట్టి ఎలాగూ మంగళవారం దాకా పంపం" అన్నాడు. బయటికొచ్చి హమ్మయ్య అనుకున్నాను. ఆనక వరండాలో బల్ల మీద కూలబడ్డాను. అక్క జ్వరం చూసి హమ్మయ్య అనుకునే దాన్నయ్యాను.

మధ్యాహ్నం షాపు తీశాను. ఒక పిల్ల రెండు మీటర్ల నీలం రిబ్బన్ అడిగింది. బల్లకి కొట్టిన ఇత్తడి మేకుల మధ్య కొలిచాను, రెండు. కత్తెర పెట్టబోతుంటే, నా బొటనవేలు దానంతటది మేకు దాటి రెండు వేళ్లు ముందుకి జరిగింది. చెయ్యి అక్కడే కోసింది.

కొసరు.

కొలతకి కొలత, పైన కొసరు. అడిగినా ఇస్తాను, అడక్కపోయినా ఇస్తాను. పక్క వీధిలో ఇంత పెద్ద షాపుండగా జనం నా దగ్గరికి వచ్చేది ఆ రెండు వేళ్ల కోసమే. ముప్పై ఏళ్లలో సరిగ్గా కొలతకి కోసింది ఒక్కసారి కూడా గుర్తులేదు. ఆ పని చెయ్యి చేస్తుంది, నన్ను అడగదు.

ఆ పిల్ల, "ఆంటీ, ఏమైంది?" అంది.

ఏం లేదమ్మా. ఇంకేమన్నా కావాలా.

కమోడ్‌కి కూడా కొసరేశాను.


9, ఆదివారం

మేస్త్రీ పొద్దున్నే వచ్చాడు. కొత్త టైల్స్‌ని పగలగొడుతుంటే ఒక్కో దెబ్బా నా వీపు మీద పడుతున్నట్టే ఉంది. చెప్పేద్దామని రెండుసార్లు గుమ్మం దాకా వెళ్లాను. రెండుసార్లూ "టీ కావాలా మేస్త్రీ" అని వచ్చేశాను.

మట్టి ఎత్తిపోశాక ఆయన, "ఆ రిబ్బన్ ఒకసారి ఇవ్వండమ్మా. ఈసారి దగ్గర పెట్టుకుని చూస్తా, వెంట్రుకంత తేడా రానివ్వను" అన్నాడు.

అదే రిబ్బన్. అదే పొడుగు. మళ్లీ అక్కడే పెడతాడు. మళ్లీ తలుపు మూసుకోదు. మంగళవారం అక్క.

గదిలోకి వెళ్లాను. చెప్పడానికి ఒక్క మాట చాలు. పర్సులోంచి రిబ్బన్ తీసి, అక్క కుట్టు డబ్బాలో కత్తెర తీసి, ఆ రెండు వేళ్లు కత్తిరించేశాను. ముక్కని దిండు కింద పెట్టాను. తెచ్చి ఇచ్చాను.

ఆయన ఒక కొస చూశాడు. రెండో కొస చూశాడు. వెలుతురులోకి తిప్పి పట్టుకున్నాడు.

"ఈ చివర పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నానే."

"చెరిగిపోయి ఉంటుంది."

"ఊఁ."

కొసని బొటనవేలుతో నిమిరాడు. కొత్తగా కోసిన సాటిన్, ఒక్క పోగు కూడా లేవలేదు. మొన్న కోసింది అప్పటికే పీచు లేచి ఉండాలి.

"మీ కత్తెర మంచి పదునమ్మా" అన్నాడు.

రిబ్బన్ని మడిచి గట్టు మీద పెట్టాడు. కమోడ్‌ని పక్కకి ఒరిగించి, తన సంచిలోంచి ఇనుప టేపు తీసి కొలుచుకున్నాడు. టీ ఇస్తే తాగాడు. వెళ్లేటప్పుడు "మేస్త్రీ..." అన్నాను.

"రేపు సాయంత్రం దాకా దాని మీద ఎవరూ కూర్చోకూడదు" అని చెప్పి వెళ్లిపోయాడు.


10, సోమవారం

తలుపు మూసుకుంటోంది. పొద్దున్నుంచి తొమ్మిదిసార్లు వేసి తీశాను.

అక్కకి జ్వరం తగ్గింది. రేపు పొద్దున గొట్టం తీసేస్తారట.

మేస్త్రీ చివరి అతుకులు పూయడానికి వచ్చాడు. ఈసారి టీ కావాలా అని అడగలేదు. ఎదురుగా వెళ్లి నిలబడి చెప్పేశాను. నా చేతి కొసరు గురించి, దిండు కింద ముక్క గురించి.

ఆయన పూత పూస్తూనే ఉన్నాడు. "శుక్రవారం ఇంటికెళ్లి మా ఆవిడతో చెప్పానమ్మా, ఇక పని మానేస్తానని. చూపు పోయాక ఇంకొకరి ఇల్లు పాడుచెయ్యడం ఎందుకని. పాపం అది ఏడ్చింది."

"నిన్న ఆ కొస చూశాక మళ్లీ వెళ్లి చెప్పా, మాననులే అని. దానికి ఇంకా కోపం వచ్చింది, రెండు రోజులు ఊరికే ఏడిపించావని."

నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. అడుగు తీసి అడుగు వేసే ముందు పూత ఆరిందో లేదో వేలితో చూశాడు, అంతే.

"మొన్నే చెప్పుండాల్సింది మేస్త్రీ."

"ఉండాల్సిందే" అన్నాడు.


11, మంగళవారం, మధ్యాహ్నం రెండు

అక్క ఇంట్లో ఉంది. ఆ ఒక్క మాట రాయడానికే ఫోన్ తీశాను.

పదింటికి గొట్టం తీశారు. నర్సమ్మ నన్ను పక్కకి పిలిచింది. "సాయంత్రం నాలుగులోపు మూత్రం సొంతంగా పోవాలి. పోకపోతే వెంటనే తీసుకొచ్చేయండి, మళ్లీ గొట్టం పెట్టాలి. ఈసారి ఎక్కువ రోజులు ఉంచాల్సి రావచ్చు." అక్క విననట్టు కిటికీలోంచి చూసింది. ఆవిడకి వినపడనిది ఏముంది.

వాకర్ పట్టుకుని బాత్రూం గుమ్మంలో ఆగి చూసింది.

"ఇంత తెలుపా? మరక పడితే చచ్చేట్టు కడగాలి."

"నేను కడుగుతాలే."

"నువ్వు కడిగినట్టే."

ప్రాణం లేచొచ్చింది. తిట్టింది మా అక్క.

ఒకసారి కూర్చుంది. ఏమీ రాలేదు. లేపి మంచం మీద పడుకోబెట్టాను. నీళ్లిస్తే పెదవులు తడుపుకుంది.


మూడు ముప్పై ఐదు

రెండోసారి. గడియ పెట్టుకుంటానంది. వద్దక్కా, పడితే ఎలా అన్నాను. "పంతొమ్మిది రోజుల తర్వాత ఒక తలుపు దొరికింది నాకు. గడియ పెట్టుకోనివ్వు" అంది. పెట్టుకుంది.

నేను బయట నేల మీద కూర్చున్నాను. లోపల చడీచప్పుడు లేదు.

"అక్కా?"

"ఉన్నా."

"పంపు తిప్పనా? ఆ చప్పుడుకి వస్తుందంటారు."

"నేను పసిపిల్లని కాను."

"కాళ్లు నేలకి ఆనాయా?"

"ఆనాయే. అరవై ఏళ్లు కింద కూర్చున్న ఒళ్లు. ఇలా కుర్చీలో కూర్చుంటే దానికి బస్సులో కూర్చున్నట్టుంది. బస్సులో ఎవరైనా పోస్తారా?"

నవ్వొచ్చింది. వెంటనే భయం వచ్చింది. మూడున్నర. ఎంతసేపు ఊరుకోను? నా ఒళ్లయితే నేనే పోసేదాన్ని, అక్క ఒళ్లు కదా. ఇంకేం చెయ్యాలో తోచక చెప్పేశాను.

"అక్కా, ఆ కొలత తప్పింది మేస్త్రీ కాదు."

"తెలుసు."

"ఎలా?"

"మేస్త్రీ తప్పు, మేస్త్రీ తప్పని ఆ రోజు నాలుగుసార్లు చెప్పావు. ఒక్కసారే చెప్పుంటే నమ్మేదాన్ని. పైగా రిబ్బన్ కోశానన్నావు. కొసరెయ్యకుండా నువ్వెప్పుడు కోశావని?"

"మరి నన్ను తిట్టలేదేం?"

"సంచి తగిలించుకుని పడుకున్నదాన్ని. ఎక్కడినుంచి తిట్టను?"

నాకు ఏడుపొచ్చింది. దాన్ని వినపడనివ్వకుండా ఉండడానికి మళ్లీ మాట్లాడ్డం మొదలెట్టాను. మేస్త్రీ గురించి, వాళ్లావిడ ఏడ్చిన సంగతి, నా వల్ల ఆయన పని మానెయ్యబోయిన సంగతి, రేపు వాళ్లింటికి వెళ్లి ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో...

"ఏమే."

"ఆఁ అక్కా."

"లేచి బయటికి పో."

"నువ్వు పడితే?"

"పడితే కేకేస్తా. నువ్వు తలుపవతల ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటే నాకు రాదు. ఆసుపత్రిలోనూ ఇంతే, నెత్తిన ఎవరో ఒకరు. పో. వీధిలోకి పో."


మూడు నలభై

సందులో ఉన్నాను. మా బాత్రూం గోడలోంచి దిగే కొత్త పైపు పక్కన నిలబడి టైప్ చేస్తున్నాను. ఎదురింటావిడ గుమ్మంలోంచి, "ఏంటి ఎండలో నిలబడ్డారు? లోపలికి రండి, టీ పెడతా" అంది. వద్దమ్మా అన్నాను. అక్క లోపలుంది అన్నాను. ఆవిడకి అర్థమైందో ఏమో, తను కూడా గుమ్మంలోనే నిలబడింది. ఇద్దరం పైపు వైపు చూస్తున్నాం. ఇద్దరు పెద్ద ఆడవాళ్లం, పైపు వైపు.

నాలుగుకి ఇరవై నిమిషాలుంది. ఆటోకి చెప్పనా వద్దా? చెప్తే అక్కకి ఇక రాదని ఒప్పుకున్నట్టు. చెప్పకపోతే ఆలస్యం.

పైపు మీద అరచెయ్యి ఆనించాను. ఎండకి వేడెక్కి ఉంది. ఏమీ కదలడం లేదు.

ముప్పై ఏళ్లుగా అందరికీ రెండు వేళ్లు ఎక్కువే ఇచ్చాను. ఇప్పుడు ఇవ్వడానికి చేతిలో ఏమీ లేదు.

ఇంకా ఏమీ లేదు.


మూడు యాభై ఆరు

చేతి కింద పైపు అదిరింది. లోపల్నుంచి నీళ్లు జరజరా దిగాయి. ఎదురింటావిడ చప్పట్లు కొట్టబోయి ఆపుకుంది.

కానీ అది ఫ్లష్ మాత్రమే. నా కంగారు చూడలేక ఊరికే మీట నొక్కి ఉండొచ్చు. అక్క అంత పనీ చెయ్యగలదు. చేసుంటే నాకు తెలిసే దారి లేదు.

లోపలికి పరుగెత్తాను. గడియ తీసే ఉంది. వాకర్ పట్టుకుని గుమ్మంలో నిలబడింది, చెమటలు, మొహం పాలిపోయి. అడుగుదామని నోరు తెరిచాను. అడిగితే అవునంటుంది. ఎప్పుడూ అవుననే అంటుంది, "తాగాను" అన్నట్టే.

అడగలేదు.

నన్ను దాటుకుంటూ వంటింటి వైపు చూసింది.

"మంచినీళ్లియ్యవే" అంది. గ్లాసు తీస్తుంటే, "అది కాదు, చెంబుతో తే" అంది.